బరంపురం శివార్లో బంద (ఊరి చెరువు) కప్పి ప్లాట్లేస్తన్నారు, ఆపాలంటే ఏం చెయ్యాల?

మొగలిడొంక · ఆదివారం రాత్రి 9:12
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళకి రాస్తన్నాను, కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి. మా అమ్మగారి ఊరు ఒడిశాలో బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్ళే వైపు. ఊరి పేరు రాయను, రాస్తే తెల్లారేసరికి మా మావయ్యకి ఫోనెళ్ళిపోద్ది. ఊరికి తూర్పున ఒక బంద ఉంది, మూడెకరాల పైనే ఉంటాది, గట్టు చుట్టూ మొగలి డొంకలు, అవతల జీడిమామిడి, ఇంకా అవతల సరుగుడు. చిన్నప్పుడు వానలు పడ్డాక మా తాత చీకటుండగానే లేపీసి పువ్వు కోతకి తీసుకెళ్ళీవాడు. మొగలాకుకి ముళ్ళు మూడు వరసలు, రెండంచులకి రెండు, వీపున నడిమి ఈనెకి ఒకటి, అందుకే చెయ్యి పెట్టకుండా కొడవలి కట్టిన దోటీతో లాగాల. పువ్వులు లెక్కపెట్టి అమ్మడమే, తూకం లేదు. ఎండెక్కితే వాసన పోద్దని, అత్తరు కాచీ భట్టీవాళ్ళు పొద్దుపొద్దున్నే సైకిళ్ళ మీద వచ్చీసీవారు. మా గంజాం జిల్లా మొగలికి జీఐ గుర్తింపు, అంటే ఆ సరుకు ఆ ప్రాంతానిదే అన్న ముద్ర కూడా ఉంది, చాలామందికి తెలీదు.

మొన్న అమ్మమ్మ సంవత్సరీకానికని వెళ్తే బంద గట్టు మీద ట్రాక్టర్లు. మూడో వంతు ఎర్రమట్టితో కప్పీసారు. సున్నం గీతలు, సిమెంటు రాళ్ళు, రోడ్డు మీదకి ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద ఏటనుకున్నారు, చెరువు బొమ్మ, అందులో హంసలు కూడాను. పక్కనే నిజం చెరువు మీద మట్టి పోస్తన్నాడు జేసీబీ వాడు.

ఇది ఆపాలంటే ఎవరి దగ్గరికెళ్ళాల, తహసీల్దారా, డెవలప్‌మెంట్ అథారిటీయా, పంచాయతీయా? తెలిసినోళ్ళు చెప్పండి. తిట్టీవాళ్ళు కూడా తిట్టండి గానీ పనికొచ్చీలా తిట్టండి.

అద్దెకొంప · ఆదివారం రాత్రి 9:40
అన్నయ్యా తప్పుగా అనుకోవద్దు, మీ బాధ అర్థమైంది గానీ ఇలాంటి పోస్టు పెట్టినోళ్ళందరికీ సొంతిల్లు ఉంటాది, అదే నాకు మండుతాది. నేను మెడికల్ కాలేజీ దగ్గర మందుల షాపులో పని చేస్తన్నాను, నెలకి 14 వేలు. లంజిపల్లిలో రెండు గదుల పోర్షనుకి అయిదున్నర వేలు, కరెంటు యూనిటు ఓనరు ఎంతంటే అంత, నీళ్ళు పొద్దున్న ఒక గంట. మూడేళ్ళలో రెండిళ్ళు మారాం. మా చిన్నది గోడకి ఆనుకుని నిలబడి పెన్సిలుతో ఎత్తు గీసుకుంటాది, ఇల్లు మారినప్పుడల్లా ఆ గీతలు అక్కడ వదిలీసి వస్తన్నాం. ఊరి చుట్టూ ఎక్కడ ప్లాట్లేసినా అడ్డం పడితే రేటు పెరుగుతాది, రేటు పెరిగితే ఓనరు అద్దె పెంచుతాడు. బంద మీకు చల్లగాలి, ఆ గాలికి డబ్బులు మేం కడతన్నాం. కోపంతో రాసాను, ఏమీ అనుకోకండి.

మొగలిడొంక · ఆదివారం రాత్రి 9:52
ఏమీ అనుకోను తమ్ముడూ. సొంతిల్లు ఉన్నమాట నిజమే, అప్పులో ఉంది గానీ ఉంది. మరి బంద కప్పినంత మాత్రాన నీకు ఇల్లొస్తాదా? అక్కడ సెంటు రేటు వింటే నీకూ నాకూ కళ్ళు తిరుగుతాయి.

అమీన్‌గారబ్బాయి · ఆదివారం రాత్రి 10:05
గొడవ తర్వాత, ముందు కాగితం చూడండి. సర్కారు భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో జిల్లా, తహసీలు, మౌజా (ఊరు), ప్లాట్ నంబరు కొడితే ఆర్‌ఓఆర్, అంటే హక్కుల కాగితం వస్తాది. అందులో ఖాతా (ఎవరి పేరున ఉందో) చూడాల, కిసమ్ (నేల రకం) చూడాల. ఖాతా రఖిత్ అనో సర్వసాధారణ అనో ఉండి కిసమ్ జలాశయ, గోచర (పశువుల మేత నేల) అని ఉందనుకోండి, అది సర్కారుది, ఎవడు ఎవడికి అమ్మినా చెల్లదు. అలా కాక ఏ రైతు పేరునో స్థితిబాన్ అని ఉంటే కథ వేరే. అప్పుడు వాడు ఒడిశా భూసంస్కరణల చట్టం 1960లో 8-ఎ కింద తహసీల్దారు దగ్గర ఘరబారిగా (ఇళ్ళ స్థలంగా) మార్పించుకున్నాడా లేదా అన్నది చూడాల, ఆ పైన లేఅవుటుకి డెవలప్‌మెంట్ అథారిటీ అప్రూవల్ ఉందా చూడాల. మనోళ్ళు సెంట్లు అంటారు, కాగితంలో డెసిమిల్ అని ఉంటాది, రెండూ ఒకటే, ఎకరాకి వంద, అంటే 435.6 చదరపుటడుగులు. దీని మీద కూడా కొట్టుకున్న అన్నదమ్ముల్ని మా నాన్న చూసాడు.

ఇంకోటి, బంద అంతా ఒకే ప్లాట్ నంబరు అని అనుకోకండి. నీళ్ళకి మన కళ్ళకి కనపడే హద్దు వేరు, నక్షాలో (సర్కారు మ్యాపులో) గీత వేరు.

రిటైర్డ్ మేస్టారు · సోమవారం ఉదయం 5:48
శుభోదయం. నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను, చదువుతూంటాను. నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

అటువైపు నేల సముద్రం వైపు వాలు. వాన నీళ్ళు గరువు మీద నుంచి బందలోకి దిగి, బంద నిండాక మదుము (తూము) దాటి గెడ్డలో (వాగులో) పడి, ఆ గెడ్డ కిందనున్న పల్లం పొలాలు తడుపుకుంటూ పోతుంది. ఒక బంద నిండితే దాని కింద బంద, దాని కింద ఇంకోటి, ఇలా గొలుసులాగ ఉంటాయి. మధ్యలో ఒక్కటి కప్పేస్తే పై నీరు ఆగదు కదా, వీధిలోకి వస్తుంది. నేను 1990లలో ఇల్లు కట్టుకున్న కాలనీ సరిగ్గా ఇలాంటి ఒక పల్లంలోనే ఉందని తర్వాత తెలిసింది నాకు. ఏటా ఆశ్వయుజంలో మా వీధి వాళ్ళం మంచాల కాళ్ళ కింద ఇటుకలు పెడతాం. ఫ్రిజ్ కింద అయితే ఏడాది పొడుగునా ఇటుకలే, తియ్యడం మానేశాం.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, గాలి గంటకు 200 కిలోమీటర్లు. మర్నాడు పొద్దున్న బయటికొస్తే ఊరు గుర్తు పట్టలేకపోయాను, చెట్టన్నది లేదు, ఎటు చూసినా ఆకాశమే. స్కూల్లో నేను పాతిన వేప, మూడు దశాబ్దాల చెట్టు, వేళ్ళతో సహా ప్రహరీ మీద పడి ఉంది. అయితే తుఫాను పడగొట్టిన చోట మళ్ళీ మొక్క వేస్తే అయిదారేళ్ళకు నీడొచ్చింది. మట్టి పోసి రాయి పాతిన చోట ఏం మొలుస్తుంది?

ఛత్రపురం దగ్గర తంపరా సరస్సుకి రామ్‌సార్ గుర్తింపు, అంటే చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చిందని 2022లో ప్రకటించారు, 300 హెక్టార్లు, సంతోషం. కానీ 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు చదివితే సేద్యానికి, తాగునీటికి మనుషులు తవ్వుకున్న చెరువులు వాటి లెక్కలోకి రావని ఉంది. మన బందలన్నీ తవ్వుకున్నవే. పెద్ద సరస్సుకి బోర్డు, కాపలా ఉంటాయి, చిన్న బందకి ఊళ్ళో వాళ్ళే దిక్కు.

గోపాల్‌పూర్‌రోడ్‌ప్లాట్స్ · సోమవారం ఉదయం 8:15
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ · సోమవారం ఉదయం 8:31
ప్లాట్ల ప్రకటనలు ఇక్కడ వద్దని ముందే రాసి ఉంది. బంద కప్పుతున్నారని ఏడుస్తున్న దారంలోకి వచ్చి "తూర్పు ముఖం, చెరువు వ్యూ" అని పెట్టడానికి కూడా ఒక ధైర్యం కావాలి లెండి. చర్చ కానివ్వండి.

ఎల్బీనగర్ఎక్స్‌ప్రెస్ · సోమవారం ఉదయం 10:20
మాది ఛత్రపురమే, పదిహేనేళ్ళుగా హైదరాబాద్‌లో ఉన్నా. చట్టం వస్తే సరిపోద్ది అనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఇక్కడ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లలో 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలు వద్దని 1996లో జీవో 111 తెచ్చారు. ఆ ఊళ్ళ రైతులు పాతికేళ్ళు పక్కూళ్ళో ఎకరం కోట్లకి పోతుంటే చూస్తూ కూర్చున్నారు, ఫామ్‌హౌసులు మాత్రం దర్జాగా లేచాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. రైతుకి ఏమీ ఇవ్వకుండా నువ్వు పచ్చగా ఉండు అంటే వాడు ఎన్నాళ్ళుంటాడు చెప్పండి.

పర్లాకిమిడిపిల్ల · సోమవారం మధ్యాహ్నం 1:02
నేను ప్లానింగ్ చదువుకుని ఇప్పుడు లండన్‌కి గంటన్నర దూరంలో ఉంటున్నాను. (సీతాసాగరం గట్టు మీద సైకిల్ నేర్చుకున్నదాన్ని, అందుకే బంద అనగానే ఆగిపోయా.) గంటన్నర దూరం ఎందుకంటే దగ్గర్లో అద్దెలు కట్టలేక. 1938లో చట్టం చేసి, 1955 తర్వాత దేశమంతా పాకించి ఊళ్ళ చుట్టూ కొత్త కట్టడాలు రాకుండా గ్రీన్ బెల్ట్ అని పెట్టారు వీళ్ళు. లండన్ చుట్టూ ఉన్నది 5 లక్షల హెక్టార్ల పైనే, అంటే లండన్ నగరం కంటే మూడింతలు. రైల్లో కూర్చుంటే కిటికీలోంచి బానే ఉంటుంది, పొలాలు, గుర్రాలు, గోల్ఫ్ కోర్సులు. గోల్ఫ్ కోర్సు చూసినప్పుడల్లా మాత్రం నాకు అద్దెకొంప గారు చెప్పిన లెక్కే గుర్తొస్తుంది. లోపల ఇళ్ళు చాలినన్ని కట్టకుండా చుట్టూ గీత ఒక్కటే గీస్తే జనం ఆ గీత దాటి అవతలికెళ్ళి కాపురం పెడతారు, రోజూ దాన్ని దాటుకుంటూ పనికొస్తారు. నేను చేస్తున్నది అదే.

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 1973లో చట్టం చేసింది, దాని కింద పోర్ట్‌లాండ్ 1979లో ఊరికి హద్దు గీసుకుంది. కాకపోతే గీతతో పాటు ఒక బాధ్యత కూడా పెట్టారు, హద్దు లోపల రాబోయే 20 ఏళ్ళకి సరిపడా ఇళ్ళ స్థలం ఉందని ఎప్పటికప్పుడు లెక్క చూపించాలి, లేకపోతే హద్దు జరపాలి. అక్కడా రేట్లు పెరిగాయి, అదేమీ స్వర్గం కాదు. కానీ బయట వద్దు అన్నవాడే లోపల ఎక్కడ కట్టాలో చెప్పాలి అన్న పద్ధతి నాకు నచ్చింది.

మన దేశం లెక్క చూస్తే విచిత్రంగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో ఖాళీగా పడున్న ఇళ్ళు 1 కోటి 11 లక్షలు. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో ఇళ్ళ కొరత 1 కోటి 88 లక్షలని తేల్చింది, అందులో 95 శాతం పైన పేదలకి, తక్కువ ఆదాయం వాళ్ళకి. తాళాలేసిన ఇల్లు ఉన్నవాడిది, కొరత లేనివాడిది. అందుకే బంద మీద ప్లాట్లేస్తే అద్దెకొంప గారికి ఇల్లు వస్తుందని నేను నమ్మను. కొనేది ఆయన కాదు కదా.

అద్దెకొంప · సోమవారం మధ్యాహ్నం 2:26
అదే అక్కా. అంతా చదివాను. కొనేది నేను కాదు, ఒప్పుకుంటాను. మరి కొనీవాళ్ళెవరు? అంబాపువా వైపు పొద్దున్న పనికెళ్తూ చూస్తాను, ప్రహరీ కట్టిన ప్లాటు, పక్కన ప్రహరీ లేని ప్లాటు, దాని పక్కన తుమ్మచెట్లు మొలిచిన ప్లాటు, మధ్యలో ఒక్క ఇల్లు, మళ్ళీ ఖాళీ. రోడ్డుంది, కరెంటు స్తంభాలున్నాయి, మనుషుల్లేరు. గేదెలు కట్టుకుంటన్నారు. బరంపురం జనాభా 2001లో 3 లక్షల 7 వేలు, 2011లో 3 లక్షల 56 వేలు, పదేళ్ళకి 50 వేల మంది కూడా పెరగలేదు. ప్లాట్లు మాత్రం చూడండి.

ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటం లేకుండా చెప్పండి. ఈ దారంలో రాసినోళ్ళలో ఎంతమందికి ఖాళీ ప్లాటుంది?

సూరత్‌షిఫ్ట్ · సోమవారం రాత్రి 11:50
షిఫ్టు దిగి చదివాను. నాకుంది ప్లాటు. దాచుకోవడం ఎందుకు.

మాది దిగపహండి వైపు. పంతొమ్మిదేళ్ళ వయసులో సూరత్ వచ్చాను, పవర్‌లూమ్, 12 గంటల షిఫ్టు. గంజాం వాళ్ళు ఇక్కడ ఎంతమందో మీకు తెలుసు. మెస్సు గదిలో పగలు షిఫ్టువాడు లేచిన పక్క మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు, తలగడ చల్లారదు. చెవులు సగం పోయాయి మిషన్ల సౌండుకి, ఇంటికి ఫోన్ చేస్తే అరుస్తానని మా ఆవిడ కంప్లైంటు. పదహారేళ్ళు దాచిన డబ్బుతో బరంపురం దగ్గర నాలుగు డెసిమిల్ కొన్నాను. బ్యాంకులో వేస్తే చేబదులు అడిగినోడికల్లా ఇచ్చీస్తాం, చిట్టీ వేస్తే చిట్టీవాడు పారిపోయాడు ఒకసారి, బంగారం కొంటే పెళ్ళిళ్ళకి పోద్ది. నేల ఒక్కటే ఎక్కడికీ పోదు. ఇల్లు కట్టడానికి ఇంకా పదేళ్ళు పడతాది, ఈలోగా అక్కడ తుమ్మచెట్లు మొలిస్తే మొలిచాయి. నన్ను కూడా రియల్ ఎస్టేట్ వాడి కింద లెక్కేస్తే మాత్రం బాధేస్తాది.

అద్దెకొంప · మంగళవారం ఉదయం 7:05
అన్నా మిమ్మల్ని కాదు. నాలుగు డెసిమిల్ వాళ్ళని కాదు నేనన్నది. మీ కష్టం తెలుసు, మా బావ కూడా అక్కడే. నేను అడిగింది ఇల్లుండి, ఇంకో రెండు ప్లాట్లుండి, వాటిని పెళ్ళి సంబంధాల్లో చెప్పుకునీవాళ్ళని.

పట్టుమగ్గం · మంగళవారం ఉదయం 11:15
నేను చెప్పీది వేరే కోణం. మాది దేవాంగుల ఇల్లు, తాతల కాలం నుంచి పట్టు నేత, బరంపురం పట్టు, ఫోడా కుంభ అంచు చీరలు. ఖాళీ జాగాలొద్దు, పైకి కట్టండి, ఫ్లాట్లు కట్టండి అని చదువుకున్నవాళ్ళు సులువుగా అనీస్తారు. మా పిన్ని వాళ్ళకి సర్కారు వాళ్ళిచ్చిన మూడంతస్తుల బిల్డింగులో ఫ్లాటు వచ్చింది, మూడో అంతస్తు. వెళ్ళి చూసి వచ్చారు. గచ్చు బావుంది, కుళాయి బావుంది, బాత్రూము లోపలే. మా బాబాయి నేల మీద కూర్చుని చేత్తో గచ్చు కొట్టి చూసి "గుంట ఎక్కడ తవ్వాల్రా" అన్నాడు. గుంట మగ్గం అండి, నేతగాడి కాళ్ళు గోతిలో ఉండాల, తొక్కుడు కర్రలు ఆ గోతిలో ఉంటాయి. మూడో అంతస్తులో గొయ్యి తవ్వితే రెండో అంతస్తువాడి నెత్తి మీద తేల్తాం.

స్టాండు మగ్గం పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, అలవాటు పడాల, డబ్బులు కావాల, పైగా పడుగు (నిలువు దారాలు) చాపి గంజి పెట్టి ఆరబెట్టడానికి వీధి పొడుగు జాగా కావాల. మా వీధిలో అది నడిరోడ్డు మీదే చేస్తాం, స్కూటర్లు వంగి వెళ్తాయి. పార్కులో చెట్టు మీకు ఎంతో ఆ వీధి నీడ మాకు అంత. కాబట్టి పైకి కట్టినా కిందనే ఒక వరస పనిచేసుకునీవాళ్ళకి వదలాల, ఇది ఏ ప్లానులోనూ నేను చూడలేదు.

అలలఅంచు · మంగళవారం మధ్యాహ్నం 12:40
గోపాల్‌పూర్ నుంచి. మేం వేట చేసీవాళ్ళం, ఇంట్లో తెలుగే. బస్తీవాళ్ళకి భూమి హక్కిచ్చీ 2017 చట్టం తర్వాత మా బస్తీని డ్రోన్లతో కొలిచారు, జగా మిషన్ అంటారు. మాది ఎన్ఏసీ, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న ఊరు కాబట్టి మాకు 60 చదరపు మీటర్ల దాకా, మునిసిపాలిటీల్లో అయితే 45. ఉన్నచోటే హక్కు కాగితం, భార్యాభర్తలిద్దరి పేర్నా. ఒక్క చెట్టు కొట్టలేదు, ఒక్క పొలం కప్పలేదు, పాకల్లో ఉన్నోళ్ళకి ఇల్లొచ్చింది. ఊరి బయట కాలనీ కట్టి తోలేసుంటే వల భుజాన వేసుకుని ఏడు కిలోమీటర్లు నడిచీవాళ్ళమా? ఊళ్ళో ఉన్న బస్తీలన్నీ ఇలా బాగు చేస్తే సగం మందికి కొత్త జాగా అక్కర్లేదని నా ఉద్దేశం. ఇక మొగలి సంగతి, డొంకలు కొట్టీసిన చోట ఇసక ఎగిరి ఇళ్ళల్లోకొస్తంది, అన్నం పళ్ళెంలో పంటికింద కరకరలాడతంది.

మొగలిడొంక · మంగళవారం రాత్రి 10:33
రెండ్రోజులు ఎందుకు రాయలేదంటే అద్దెకొంప తమ్ముడు అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబుంది, రాయడానికి సిగ్గేసింది.

నాకుంది. అంబాపువా అవతల, అయిదు డెసిమిల్. 2014లో కొన్నాను, ఫైలిన్ మర్నాటేడు, తోటలు పడిపోయి రైతులు తక్కువకి అమ్మీస్తన్నారని ఆఫీసులో ఒకాయన చెప్తే వెళ్ళి కొనీసాను. అది మొగలి డొంకలున్న జాగాయే. కొన్నప్పుడు మూల మీద ఇంకా రెండు దుబ్బులు ఉండీవి, ప్రహరీ కట్టించినప్పుడు మేస్త్రీ అడ్డొస్తన్నాయంటే నేనే కొట్టించీమన్నాను. అప్పుడు మా తాత గుర్తు రాలేదు. పదకొండేళ్ళుగా ఏడాదికోసారి వెళ్ళి ప్రహరీ ఉందో లేదో చూసుకుని వస్తన్నాను. పిల్లదాని పెళ్ళికి పనికొస్తాదని.

కొనీవాళ్ళెవరు అని తమ్ముడు అడిగాడు. నేనే. తిట్టుకోండి.

రిటైర్డ్ మేస్టారు · బుధవారం ఉదయం 5:40
తిట్టడమెందుకు నాయనా. నేను పల్లంలో కట్టాను, నువ్వు డొంకలో కొన్నావు. ఆ రోజుల్లో అందరం అదే చేశాం. అయితే ఒకటి, నీ ప్లాటు దగ్గర రోడ్డూ కరెంటూ ఎలాగూ ఉన్నాయి. అక్కడ రెండు పోర్షన్లు కట్టి అద్దెకిస్తే బంద దగ్గర రెండు ప్లాట్ల గిరాకీ తగ్గుతుంది. లెక్కల మేస్టారిని, అలవాటు పోదు.

అద్దెకొంప · బుధవారం ఉదయం 6:58
మేస్టారూ, అద్దె అయిదు వేలు దాటకుండా అంటే ఇప్పుడే సామాన్లు సర్దుతాను. నవ్వులాటకి కాదు.

మొగలిడొంక అన్నయ్యా, నిజం చెప్పినందుకు థాంక్స్. మొదట రాసిన దాంట్లో కొంత వెనక్కి తీసుకుంటన్నాను.

పర్లాకిమిడిపిల్ల · బుధవారం మధ్యాహ్నం 3:15
ఖాళీ ప్లాట్ల మీద పన్ను వెయ్యాలి అని రాద్దామనుకుని సూరత్ అన్నగారి పోస్టు గుర్తొచ్చి ఆగాను. మొదటి ప్లాటుకి వద్దు, రెండోదాని నుంచి వెయ్యొచ్చు. అప్పుడు నేల దాచుకోవడం కంటే కట్టి అద్దెకివ్వడం లాభమవుతుంది.

బంద చుట్టూ ఉన్న పట్టాదార్ల సంగతి కూడా ఆలోచించాలి, ఎల్బీనగర్ గారు చెప్పింది నిజం. గుజరాత్‌లో 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములని చేస్తారు, అహ్మదాబాద్ చాలా భాగం అలాగే పెరిగింది. అందరి పొలాలూ కలిపి, రోడ్లకి, పార్కులకి, పేదల ఇళ్ళకి కొంత తీసి, మిగిలింది ఎవరి వాటా వాళ్ళకి సరిచేసి తిరిగి ఇస్తారు. చెరువు ఎవరి పొలంలో ఉందో ఆ ఒక్కడే నష్టపోడు, అందరూ తలా కొంచెం వదులుకుంటారు. మనవాళ్ళు ఒక్కో రైతు దగ్గర ఒక్కో ముక్క కొని లేఅవుట్ వేసుకుంటూ పోతుంటే చెరువుకి చోటు వదిలేది ఎవరు?

ఎల్బీనగర్ఎక్స్‌ప్రెస్ · బుధవారం మధ్యాహ్నం 3:50
బానే ఉంది గానీ ఆ "కొంత తీసి" అన్న దగ్గరే మన దగ్గర కథ నడుస్తాది. ఎవరి పొలం పార్కు అవ్వాలో, ఎవరి పొలానికి రోడ్డు ముఖం రావాలో రాత్రికి రాత్రి మారిపోద్ది మ్యాపులో.

అమీన్‌గారబ్బాయి · బుధవారం రాత్రి 8:20
మీరు లండనూ అహ్మదాబాదూ తిరిగొచ్చారు, నేను తహసీలు ఆఫీసు దగ్గరే ఉన్నాను. మొగలిడొంక గారూ, చెయ్యాల్సిన పని రాస్తన్నాను. ఆర్‌ఓఆర్ తీసారా? మౌజా నక్షా సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మట్టి పోస్తన్న ఫొటోలు తీయండి, ఫొటోలో ఆ మదుము గానీ గుడి గానీ ఏదో ఒక గుర్తు కనపడాల, లేకపోతే ఎక్కడి ఫొటోయో అంటారు. సోమవారం కలెక్టరు గారి జాయింట్ గ్రీవెన్స్ ఉంటాది, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. అర్జీలో పర్యావరణం, పక్షులు అని రెండు పేజీలు రాయొద్దు, ప్లాట్ నంబరు, ఖాతా, కిసమ్, ఎంత మేర కప్పారు, హద్దులు కొలిపించండి, అంతే. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి చెరువులు ఆక్రమించినోళ్ళని ఖాళీ చేయించమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, పంజాబ్‌లో చెరువు పూడ్చి ఇళ్ళు కట్టుకున్న కేసు అది. ఆ ఒక్క లైను కింద రాయండి. ఒక్కరే వెళ్ళొద్దు, పల్లం రైతుల్ని నలుగుర్ని తీసుకెళ్ళండి, నీళ్ళు ఆగితే పోయీది వాళ్ళ పంట.

అద్దెకొంప · బుధవారం రాత్రి 8:41
సోమవారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్న నేనొస్తాను. నాకు బందతో పని లేదు, ఊరికే.

మొగలిడొంక · 10 రోజుల తర్వాత, శనివారం రాత్రి 9:30
ఏమైందో అప్‌డేట్ పెడతన్నాను.

నక్షా తీసాం. అమీన్‌గారబ్బాయి చెప్పినట్టే బంద ఒక ముక్క కాదు. 1 ఎకరా 84 డెసిమిల్ రఖిత్ ఖాతాలో జలాశయ. మిగిలింది రైతుల పట్టా, వానాకాలం నీళ్ళు నిలిచి బందలో కలిసిపోయీ పల్లం. కప్పింది ఎక్కువ పట్టా వైపే, సర్కారు వైపు కొంత లోపలికి జరిగారు. పట్టాలో 22 డెసిమిల్ మా అమ్మమ్మ పేరున ఉండీది, నిరుడు మావయ్య అమ్మీసాడు, మా అమ్మ వేలిముద్ర కూడా ఉంది అందులో. అమ్మని అడిగితే "పంపకాల కాగితం అనుకున్నాన్రా" అంది.

గ్రీవెన్స్‌కి ఏడుగురం వెళ్ళాం, పల్లం రైతులు అయిదుగురు, నేను, అద్దెకొంప. ఆయన ఎలా ఉంటాడో అనుకున్నాను, సన్నగా ఉన్నాడు, లైన్లో నించున్నంతసేపూ ఒక రైతు బీపీ మాత్రల చీటీ చూసి ఏది ఎప్పుడెయ్యాలో చెప్తన్నాడు. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, తహసీల్దారుకి రాసారు. గురువారం అమీను (భూమి కొలిచీ ఆయన) వచ్చి గొలుసేసి సర్కారు ముక్కకి రాళ్ళు పాతించాడు. ట్రాక్టర్లు ఆ ముక్కలోకి రావడం లేదు, పట్టా వైపు పని మాత్రం ఆపలేదు. దాని కన్వర్షన్ కాగితాలు అడిగాం, ఇంకా ఇవ్వలేదు. మదుము దగ్గర పోసిన మట్టి తీయించమని పంచాయతీకి రాసాం, ఇప్పటికి రైతులే పారలతో ఒక కాలువ తీసుకున్నారు. ఫ్లెక్సీ ఉంది, హంసలున్నాయి. మావయ్య మాట్లాడటం లేదు.

ఇంకో సంగతి. అంబాపువా ప్లాటులో కింద రెండు పోర్షన్లు వేద్దామని మా ఇంట్లో అనుకుంటన్నాం, ఒక్కోటి 450 అడుగులు, మెట్లు బయటికి. పట్టుమగ్గం గారూ, వెనక వరండాలో గచ్చు చెయ్యకుండా మట్టి నేల వదిలీమని చెప్పాను, ఎవరికైనా పనికొస్తాదని, గుంట ఎంత లోతు కావాలో చెప్పండి. అటువైపు పనిచేసీ మంచి మేస్త్రీ ఎవరైనా తెలిస్తే పెట్టండి, ప్రహరీ కట్టినాయన వద్దు.

పట్టుమగ్గం · శనివారం రాత్రి 10:02
మోకాళ్ళు దాటి ఇంకో జానెడు. మా బాబాయిని తీసుకొస్తాను, ఆయన కాళ్ళు పెట్టి చూసి చెప్తాడు.